బొక్కలు నమిలే సుక్కావు

బక్కయ్య ఆవు బొక్క నమిలింది. జరిగింది ఇంతే. దానికి ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

పొద్దు వాలే వేళకు ఊరి మంద తోలే గాలయ్య ఆ ఆవును పగ్గం పట్టి ఈడ్చుకుంటూ మాదిగవాడలోకి వచ్చాడు. మామూలు రోజుల్లో అయితే వాడ మొదట్లోనే వదిలేసి తన దారిన తను పోతాడు. ఇల్లు వెతుక్కోవడం ఆవుకు తెలుసు. ఆ రోజు మాత్రం బక్కయ్య గుడిసె ముందుదాకా వచ్చి, పగ్గం కింద పారేసి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"బక్కిగా! ఓ బక్కిగా! గిది ఆవేనా, నక్కనా? జర బయటికొచ్చి నీ కండ్లతోని సూడు."

బక్కయ్య బయటికి వచ్చి చూశాడు. నుదుటి మీద తెల్లచుక్క ఉన్నందుకు దానికి సుక్కావని పేరు. దాని నోట్లో జానెడు బొక్క, ఏ చచ్చిన పశువుదో ఎండిన ఎముక ఉంది. దవడ పక్కకు వాల్చి, కళ్లు సగం మూసుకొని, చొంగ కారుస్తూ కరకర నములుతోంది. ఎన్నడూ పచ్చగడ్డిని కూడా అంత ఇష్టంగా తినలేదు ముండ.

"రేపటి సంది దీన్ని నా మందల తోలకు. పటేండ్ల ఆవులు దీన్ని సూసి నేర్సుకుంటే నన్ను బతుకనిస్తరా? ఆవు బొక్కలు తినుడు ఊరికి అరిష్టం," అన్నాడు గాలయ్య. అంతటితో ఊరుకుంటే ఏం పోయేది? నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి మళ్లీ అన్నాడు. "అయినా దినాం బొక్కలు మోసేటోని ఆవు బొక్కలు తినక బూరెలు తింటదా!"

ఆ మాటతో బక్కయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. తను సరదాపడి మోస్తున్నాడా బొక్కలు?

కల్వకుర్తికి అవతల, గుట్టల మధ్య ఉన్న ఊరు అది. నైజాం రోజులు. బక్కయ్య నాయిన ఉన్నప్పుడు ఊళ్లో పశువు చస్తే మాదిగవాళ్లు ఊరి బయట దిబ్బకు ఈడ్చుకుపోయి, తోలు వొలుచుకొని, కూర పంచుకొని, మిగిలింది అక్కడే వదిలేసేవాళ్లు. గద్దలూ కుక్కలూ వాటి వంతు తిన్నాక బొక్కలు ఎండకు పగిలి, వానకు నాని, ఎప్పటికో మట్టిలో కలిసిపోయేవి. వాటి జోలికి పోయినవాడు లేడు. ఎనిమిదేళ్ల కింద జడ్చర్ల నుంచి ఒక సేటు వచ్చి గడీలో దొరతో ఏదో మాట్లాడుకొని పోయాడు. అంతే, మర్నాటి నుంచి ఊరి చుట్టూ పడి ఉన్న ప్రతి బొక్కా దొరదైపోయింది. ఏరేది బక్కయ్య. రోడ్డు మూలమీద కుప్ప పోసేది బక్కయ్య. బండి నిండితే రెండు రోజులు నడిచి జడ్చర్ల టేషనుకు తోలేది బక్కయ్య. కూలా? వెట్టికి కూలేమిటి!

దిబ్బ మీద ఉన్నవి మొదటి ఏడే అయిపోయాయి. తర్వాత తుప్పలు, వాగు ఒడ్లు, గుట్ట కింది బండల సందులు. అన్నీ గాలించాడు. ఎర్రమట్టిలో వేలెడంత తెల్లగా కనిపిస్తే అది సుద్దరాయో బొక్కో నడకలోనే చెప్పేవాడు. చెప్పుకోకూడదు గానీ ఆ కన్ను మీద అతనికి కాస్త గర్వం కూడా ఉండేది. రైలెక్కిన బొక్కలు బొంబాయి పోతాయని, అక్కడ ఓడెక్కుతాయని టేషను హమాలీలు చెప్పేవాళ్లు. వాటితో గుండీలు చేస్తారని ఒకడు, చక్కెర తెల్లబరుస్తారని ఒకడు. ఎక్కడికి పోతే ఎవడిక్కావాలి? తన మెడ మీది బరువు దిగితే చాలు అనుకునేవాడు బక్కయ్య.

ఇప్పుడు బరువంతా ఆవు రూపంలో ఇంటి ముందు నిలబడింది.

సుక్కావు చూడితో ఉంది, ఆరో నెల. అది బక్కయ్య పెళ్లాం హనుమమ్మ పుట్టింటి నుంచి పెయ్యగా వచ్చిన ఆవు. మొదటి ఈతలో చచ్చిన దూడను వేసింది. రెండో ఈతలో కోడెదూడ పుట్టింది. ముద్దుగా, ముక్కు తడిగా ఉండేది. కాళ్లు మాత్రం ఊడలా వంగిపోయి ఒక్కనాడు నిలబడలేదు. తొమ్మిది రోజులు హనుమమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకొని పాలు పట్టించింది. పదోనాడు దాన్ని కూడా బక్కయ్యే దిబ్బకు మోసుకుపోయాడు. మూడోది ఈ కడుపులో ఉన్నది. ఇదన్నా బతకాలి. గుట్ట దగ్గర రెండెకరాల మెట్ట చెల్క ఉంది వాళ్లకు, తాతలు చేసిన చాకిరీకి ఇచ్చింది. దున్నడానికి ఎద్దు లేదు. దొర పొలాలైపోయి, పటేండ్ల చేన్లైపోయి, ఎవరో దయతలచి ఎద్దుల్నిచ్చేసరికి నేల పదును ఆరిపోయేది. సొంతంగా ఒక్క కోడె ఉంటే ఇంకొకడితో జత కట్టుకొని వానపడ్డ మూడోనాడు విత్తనం వేసుకోవచ్చు. బక్కయ్య బతుకులో కోరిన కోరిక మొత్తం అంతే.

ఆవేమో లేవాలంటే మూడుసార్లు మోకాళ్ల మీద పడి లేస్తోంది. వెంట్రుక గరుకెక్కింది. కీళ్లు టకటకమంటున్నాయి. చెవుల వెనక వాతలు పెట్టించాడు. వేపాకు రసం పోశాడు. పోచమ్మకు కోడి మొక్కాడు. ఒక్కటీ పనిచేయలేదు, పైగా ఇదొకటి మొదలైంది.

"నీ మొగానికి బొక్కలు కావాల్నా?" అని ఆ సాయంత్రమే కూర్చొని తాళ్లతో చిక్కం అల్లాడు. నోటికి బిగించి మెడ వెనక ముడేశాడు. గడ్డి వేసినప్పుడు తప్ప విప్పేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. సుక్కావు చిక్కంలోంచి అతని వంక చూసి, నాలుక బయటికి రాక, తాళ్లనే నాకింది.

పదిహేను రోజులు గడిచాయి. మందలోకి రానివ్వకపోయేసరికి హనుమమ్మే ఆవును గుట్ట కింద మేపుకొచ్చేది. మేత దగ్గర కూడా దాని ధ్యాస గడ్డి మీద లేదు. మట్టి నాకబోయేది, గోడ నాకబోయేది. ఒకనాడు హనుమమ్మ చెప్పు పట్టుకొని లాగింది. పదహారోనాడు కూర్చున్నచోటి నుంచి ఎంత లేపినా లేవలేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ కడుపు కింద గోనెపట్ట వేసి, చెరొక పక్క పట్టి, చెమటలు కక్కుతూ లేపి నిలబెట్టారు.

సరిగ్గా ఆ రోజే హనుమమ్మ తమ్ముడు ఇస్రాయేలు వచ్చాడు. మతం పుచ్చుకున్నాక పాలమూరులో మిషనోళ్ల తోటలో మాలిగా చేస్తున్నాడు. అంగీ వేసుకుంటాడు, నెత్తికి నూనె రాస్తాడు, ప్రతిదానికీ ఒక మాట చెబుతాడు. బక్కయ్యకు బామ్మర్ది అంటే ప్రేమే గానీ ఆ చెప్పే మాటలంటే ఒళ్లుమంట. ఇస్రాయేలు ఆవు చుట్టూ తిరిగాడు. కీళ్లు నొక్కి చూశాడు. బొక్కల సంగతి అక్క చెబితే విని, చిక్కం వంక చూసి, నవ్వకుండా అన్నాడు.

"బావా, నువ్వు కట్టింది దాని మూతిని కాదు. దాని మందును."

"మందా? బొక్క మందా? మిషనోళ్ల తిండి నీకు బాగనే తలకెక్కింది."

"కోపానికి రాకు, ఇను. మా తోటల నిమ్మచెట్ల మొదట్ల బొక్కల పిండి పోస్తం. మా తెల్ల దొరసాని చెప్పింది. మట్టిల ఒక సత్తువ ఉంటదంట. గడ్డి దాన్ని పీలుస్తది. గడ్డి తిన్న ఆవు దాన్ని బొక్కలల్ల దాసుకుంటది. పాలల్ల ఇంత ఇస్తది, కడుపుల దూడకు కాళ్లు కట్టిస్తది. సచ్చినంక ఆ బొక్క మల్ల మట్టికి పోతది, మట్టికెల్లి మల్ల గడ్డికొస్తది. గిట్ల తిరుగుతనే ఉండాలె. మీ గడ్డిల గది లేదు. కడుపుల దూడనేమో అడుగుతాంది. అది ఏడికెల్లి తెచ్చియ్యాలె? దాని బొక్కలకెల్లే తీసిస్తాంది. గందుకే లేస్తలేదు. గందుకే బొక్క ఎతుక్కుంటాంది."

దొరసాని ఆ సత్తువకు ఏదో పేరు చెప్పింది గానీ ఇస్రాయేలుకు నోరు తిరగలేదు. భాస్వరం అని ఇవాళ బడిపిల్లవాడు కూడా గడగడా చెబుతాడు. పేరు తెలియకుండానే సుక్కావుకు దాని రుచి తెలుసు.

బక్కయ్య వాదానికి దిగాడు. వాదం లేకుండా ఒక మాట ఒప్పుకోవడం అతని ఒంట్లో లేదు.

"మా తాతల సంది గీ గడ్డే తిన్నయి ఆవులు. దున్నినయి, ఈనినయి. గిప్పుడు ఆ సత్తువ ఏడికి పోయిందిరా? రెక్కలొచ్చినయా దానికి?"

ఇస్రాయేలు బావ ముఖంలోకి ఒకసారి చూసి తల దించుకున్నాడు. మెల్లగా అన్నాడు. "నువ్వే గద బావా, బండికెత్తి తోల్తున్నవ్."

హనుమమ్మ చేతిలో చేట చేతిలోనే ఉండిపోయింది.

"నేనొక్కన్నేనా?" అన్నాడు బక్కయ్య. "వానకు చెల్కల మన్ను ఎంత కొట్టుకపోతలేదు?"

"పోతది. పోయి చెరువుల పడుతది. ఆ చెరువు మన్ను ఎండకాలం తోడి ఎవ్వని పొలంల పోస్తున్రు?"

"దొర పొలంల. మేమే పోస్తున్నం."

"పెండ?"

"మంద పెండ గడీకి పోతది. ఇంటి పెండ పిడకలు సేసి పొయ్యిల పెడతం." బక్కయ్య తల పట్టుకున్నాడు. "ఇగ చాలు తియ్యి. నోరు మూసుకో."

ఇస్రాయేలు మర్నాడు పొద్దున్నే పోయాడు. పోయేముందు బొక్కను బాగా కాల్చి, మెత్తగా దంచి, గుప్పెడు గుప్పెడు పొట్టులో కలిపి పెట్టమని అక్కకు చెప్పిపోయాడు. బక్కయ్య మాత్రం రోడ్డు మూలకు నడిచాడు. అది దొర జొన్నచేను అంచు. ఎనిమిదేళ్లుగా బొక్కల కుప్ప పోసింది అక్కడే. కుప్ప ఎత్తేసిన ప్రతిసారీ అక్కడ పొట్టూ పొడీ రాలి మిగిలేది. చేను మొత్తం నడుముదాకా ఉంటే ఆ మూల మీది జొన్న మనిషెత్తు దాటి, చేతివెడల్పు ఆకులతో నల్లగా నిలబడి ఉంది. అటువైపు వస్తే సుక్కావు ఎందుకు అడుగు కదిపేది కాదో, ఎందుకు అక్కడి మట్టి నాకేదో అప్పుడు తట్టింది. ఎనిమిదేళ్లుగా ఆ పక్కనుంచే పోతున్నాడు. సుద్దరాయినీ బొక్కనూ వేరుచేసే కన్ను, ఇంతెత్తు జొన్నను చూడలేదు.

"థూ, నా కండ్లల్ల దుమ్ము పడ!" అని తన నెత్తి తనే కొట్టుకున్నాడు. ఇంటికొచ్చి మొదట చేసిన పని చిక్కాన్ని కొడవలితో కోసి పొయ్యిలో పారేయడం.

ఆ వారం ఏరిన బొక్కల్లో సగం కుప్పకు పోలేదు. జనమంతా పొలాల్లో ఉండే మిట్టమధ్యాహ్నం చెల్కలో గుంత తీసి కాల్చాడు. దంచే దగ్గర మళ్లీ రభస.

"నా రోట్లనా? జొన్నలు దంచుకునే రోట్ల పీనుగుల బొక్కలా? నీకు పుణ్యముంటది, ఎక్కడన్న దంచుకో పో!" అని హనుమమ్మ రోటి మీద కూర్చుంది.

"కూర వండుకొని తిన్ననాడు పీనుగ కాలేదానే?"

"కూర వేరు, రోలు వేరు. లేవను."

చివరికి తోళ్లు మెత్తబరిచే బండ మీద దంచాడు. పొట్టులో కలిపి పెడితే సుక్కావు తట్ట అడుగు అరిగేలా నాకింది. పది రోజులకు రెండోసారికే లేవడం మొదలుపెట్టింది. ఇరవై రోజులకు తోక విసిరి ఈగల్ని తోలుకుంది. మీకు అదేం గొప్ప అనిపించవచ్చు. హనుమమ్మ ఆ తోక ఊపు చూసి ఏడ్చింది. ఆ రాత్రి బక్కయ్యతో "మా తమ్మున్ని తిట్టినవ్, మర్సిపోకు," అని గుర్తుచేసింది కూడా.

సుఖం ఎన్నాళ్లుంటుంది మాదిగవాడలో? గడీ పనులు చూసే ఐలేశం ఒకనాడు కుప్ప దగ్గర ఆగి, కర్రతో కెలికి, బండి నిండడానికి ఇన్నాళ్లు పట్టడం ఎన్నడూ లేదని లెక్కేసుకున్నాడు. మధ్యాహ్నం చెల్క మీదుగా కాలుతున్న బొక్క వాసన వచ్చింది. ఆ వాసన దాచగలిగే మనిషి ఇంకా పుట్టలేదు. పొగ పట్టుకొని తిన్నగా వచ్చాడు. గుంత చూశాడు, బండ చూశాడు, తట్టలోని పిండి చూశాడు.

"ఏం రా బక్కిగా, మంత్రాలు నేర్సినవా? ఊరి మీద చేతబడి చేస్తున్నవా?"

"అయ్యా, నీ బాంచెన్, ఆవుకు పెడుతున్న. లేస్తలేదయ్యా. గిది తింటే లేస్తాంది. కడుపుతోనున్నది."

"దొర బొక్కలు నీ ఆవుకెందుకు పెడుతున్నవ్ రా?"

"దొర బొక్కలేందయ్యా! మా ఆవు ఈనిన దూడ బొక్కలు కూడ గా కుప్పల్నే ఉన్నయి!"

ఎందుకన్నాడో ఆ మాట! అనకుండా ఉండాల్సింది. పిండి తట్టను ఐలేశం కాలితో తన్నాడు. మర్నాడు గడీ ముందు బక్కయ్యను వంగబెట్టి నడుం మీద రాయి పెట్టారు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా దింపలేదు. దొర మెట్ల మీద నుంచే, బొక్కలు తినే ఆవు ఊళ్లో ఉండొద్దని, ఈనేదాకా గడువిస్తున్నానని, ఆ తర్వాత సంతకు తోలేయమని చెప్పి లోపలికి పోయాడు. బక్కయ్య ఇంటికి వంగిన నడుముతోనే వచ్చాడు. హనుమమ్మ వేడి ఇటుకతో కాపడం పెడుతుంటే పళ్లు పటపట కొరికాడు. నొప్పికి కాదు.

"అడిగింది గుప్పెడు దుమ్మే. బువ్వ అడిగిన్నా? భూమి అడిగిన్నా? నా చేతులతోని ఏరిన బొక్క నా ఆవుకు పెడితే దొరకేం తక్కువైతదే? ఏం తక్కువైతది?"

ఆమె ఇటుక మళ్లీ వేడిచేసి కాపడం పెట్టింది.

ఆ రోజు నుంచి ఐలేశం రోజూ వచ్చి కుప్ప చూసిపోయేవాడు. ఒక్క బొక్క పక్కకు జరపడానికి వీల్లేకపోయింది. చూస్తుండగానే తొమ్మిదో నెల నడుస్తోంది. సుక్కావు మళ్లీ కూలబడింది. ఈసారి గోనెపట్ట వేసి లేపినా కాళ్లు నిలవలేదు. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కడుపు మాత్రం పెద్దది, అందులో దూడ అప్పుడప్పుడు తన్నేది. తల్లి తన బొక్కలు కరిగించి పిల్లకు పోస్తున్నదన్న ఇస్రాయేలు మాట గుర్తొచ్చి బక్కయ్యకు కొట్టంలోకి పోవడమే భయమేసేది.

అప్పుడు వచ్చాయి బస్తాలు. జడ్చర్ల టేషను నుంచి మూడు బండ్లు. దొరకు పట్నంలో ఎవరో చెప్పారట, ఇది వేస్తే వరి గింజ గట్టిపడుతుందని. చెరువు కింది పొలాల్లో చల్లడానికి వాడలోంచి ఎనిమిది మందిని వెట్టికి పిలిచారు. నడుం ఇంకా పూర్తిగా నిటారు కాలేదు, అయినా బక్కయ్యను వదల్లేదు.

మొదటి బస్తా మూతి విప్పగానే అతను ఆగిపోయాడు. తెల్లగా, బూడిదరంగు కలిసిన పిండి. ముక్కుకు తగిలిన వాసన ఎనిమిదేళ్లుగా అతని బట్టల్లో, చేతుల్లో ఉన్నదే. గుప్పెట్లోకి తీసుకొని వేళ్లతో నలిపాడు. సరిగా నలగని ఒక చిన్న పలుకు అరచేతిలో మిగిలింది, ఏ కీలు కొసో. ఈ ఊరిదో, ఏ ఊరిదో, ఎవరికి తెలుసు! సుద్దరాయి మాత్రం కాదు.

"ఏందిది, బక్కన్నా?" అన్నాడు పక్కన ఉన్నవాడు.

"మనం తోలింది. తిరిగొచ్చింది."

తిరిగి వచ్చి ఎక్కడ పడుతోంది? చెల్కల మన్ను కొట్టుకొచ్చి చేరే చెరువు కింద, ఊరి పెండ మొత్తం తిని బలిసిన పొలంలో. గుట్ట కింది గడ్డికి ఒక్క చిటికెడు లేదు. బక్కయ్యకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ రానీయకుండా తట్ట నింపుకొని చల్లడం మొదలుపెట్టాడు. ఎదురుగాలి. చల్లింది సగం మడిలో, సగం మనుషుల మీద పడింది. సాయంత్రానికి ఎనిమిది మందీ సున్నం గోడల్లా తయారయ్యారు.

ఒడ్డు మీద ఐలేశం నిలబడి ఒక్కొక్కరినే ఆపాడు. తలగుడ్డ విప్పించి దులిపించాడు. గోచి కొంగు పిండించాడు. గుప్పిళ్లు తెరిపించాడు. బక్కయ్య దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు వెతికాడు. నోరు తెరవమన్నాడు! బక్కయ్య తెరిచాడు. లోపల తిట్లు తప్ప ఏమీ లేవు.

ఇంటికి వచ్చేసరికి హనుమమ్మ గోళెంలో నీళ్లు పెట్టి ఉంచింది. స్నానానికి ముందు అలవాటు కొద్దీ కొట్టంలోకి పోయి ఆవు పక్కన చతికిలబడ్డాడు. ఇది పోతుందే అనిపించింది. రేపో ఎల్లుండో దిబ్బకు తనే ఈడుస్తాడు. దీని బొక్కలు తనే ఏరతాడు, తనే తోలతాడు. ఆ తలపుతో మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

వీపు మీద ఏదో గరుకుగా రాసుకుంది.

రెండు రోజులుగా తల ఎత్తని సుక్కావు మెడ చాచి అతని భుజం నాకుతోంది. ఒకసారి, మళ్లీ ఒకసారి. నాలుక పోయినంత మేర నల్లటి చర్మం తేలుతోంది, పక్కనంతా తెలుపు. ముందుకు జరగలేక మూలుగుతూ, ఇంకా కావాలని మెడ సాగదీస్తోంది. బక్కయ్య ఊపిరి బిగబట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే దాని మూతి దగ్గరికి జరిగాడు. చేయి ఇచ్చాడు, మెడ ఇచ్చాడు, వంగి వీపు మొత్తం ఇచ్చాడు. మొన్న రాయి మోసిన చోట ఆ గరుకు నాలుక తగిలి మంట పుట్టింది. పుట్టనీ!

"నీళ్లు సల్లారుతున్నయ్, రావయ్యా," అంటూ హనుమమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

"నీళ్లు పారబొయ్యే. నాకు తానం వద్దు."

ఆమె చాలాసేపు చూసింది. మర్నాడు పొద్దున బక్కయ్య పనికి బయలుదేరుతుంటే అంబలి గురిగి పట్టుకొని అడ్డం వచ్చింది.

"తాగినగదనే ఇందాక."

"తాగనీకె కాదు, వీపు ఇటు తిప్పు," అంది. చిక్కటి జొన్న అంబలిని వీపు నిండా, ఛాతీ నిండా, చేతులకు, మెడకు పూసింది. "ఆరకముందే మొదటి బస్తా ఇప్పు. మంచిగ అంటుతది. గాలికి ఎదురుంగ నిలబడి సల్లు."

రోట్లో దంచనీయని మనిషి ఈమే! బక్కయ్యకు నవ్వాగలేదు. ఎన్ని నెలలైందో నవ్వి.

ఆ సాయంత్రం ఐలేశం మళ్లీ ఒడ్డు మీద ఆపాడు. తలగుడ్డ దులిపించాడు. గోచి పిండించాడు, నోరు తెరిపించాడు. ఒళ్లంతా వేలు మందాన పూతపట్టి నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూశాడు.

"ఏంరా, నీకొక్కనికే గింత అంటింది?"

"చెమట ఎక్కువయ్యా నాకు," అన్నాడు బక్కయ్య.

"థూ, కంపు. పో, వాగుల మునుగు పో."

"మునుగుతనయ్యా."

వాగు దాటేటప్పుడు మోకాలి పైకి నీళ్లు తగలకుండా చేతులెత్తి, తడబడకుండా నడిచాడు. ఎనిమిదేళ్లుగా బయటికి తోలిన బొక్కల్ని, కావాలని తిరిగి ఊళ్లోకి మోసుకురావడం అదే మొదలు.

ఆరు రోజులు అలా నడిచింది. నాలుగోనాడు సుక్కావు ముందుకాళ్లు మడిచి మోకాళ్ల మీద లేచింది. ఐదోనాడు, ఎవరూ పట్టకుండా, వణుక్కుంటూ నాలుగు కాళ్ల మీద నిలబడింది. కడుపులో దూడ తంతుంటే హనుమమ్మ అరచేయి ఆనించి "కాళ్లున్నయ్, గట్టిగనే ఉన్నయ్," అంది.

ఆరోనాడు మధ్యాహ్నానికే ఆఖరి బస్తా అయిపోయింది. మిగతా ఏడుగురూ పీడ విరగడైందని వాగు వైపు పరుగెత్తారు. బక్కయ్య ఖాళీ బస్తా విదిలించి, అడుగున మిగిలిన దుమ్మును ఒంటికి రుద్దుకొని, ఒడ్డు మీదికి వచ్చాడు. ఈనడానికి ఇంకా మూడు వారాలుంది. ఈనాక సంతకు తోలేయమన్న దొర మాట ఉంది. ఇంత దుమ్ముతో ఆ మూడు వారాలు గడుస్తాయా? బతుకులో ఎన్నడూ వెట్టి పని కావాలని అడిగిన నోరు కాదు అది. అడగడానికి సిగ్గేసింది, ఒళ్లు మండింది. అయినా అడిగాడు.

"అయ్యా, మల్ల ఎప్పుడొస్తయి బస్తాలు?"

ఐలేశం వింతగా చూశాడు. "పని మీద గింత పావురం, గింత ప్రేమ ఎప్పటి సంది రా? మీరు మంచిగ ఏరి తోల్తే, వచ్చే ఏడు వస్తయి."

బక్కయ్య అక్కడి నుంచి కదిలాడు. నోరు తెరిస్తే ఏం రాలుతుందో అతనికి తెలుసు. వాగు దాటి, మునగకుండా, ఎండలో పూత పగుళ్లిచ్చి రాలిపోకుండా చేతులు ఒంటికి దూరంగా పట్టుకొని ఇంటికి నడిచాడు.

సుక్కావు కొట్టం బయట, పగ్గం సాగినంత దూరం వచ్చి నిలబడి ఉంది. అతని కోసమే చూస్తోంది.

"దా, తిను," అన్నాడు బక్కయ్య, దాని ముందు వంగి. "ఇయ్యాల్టికి ఉన్నది. మంచిగ నాకు, ఒక్క పిసరు ఇడ్వకు. రేపటిది రేపు సూద్దాం."